ఒప్పుకుంటేనే లోపలికి

భివండి నాగావ్‌లో సిద్ధిరాములు వకీలు ఆఫీసుకు కుడిగోడ అవతల ఇరవై నాలుగు సాంచాలు, ఎడమగోడ అవతల పదహారు. మరమగ్గాలను ఇక్కడి తెలుగువాళ్లు సాంచాలనే అంటారు. నలభై సాంచాలు ఒక్కసారి నడుస్తుంటే మధ్య గదిలో గోడకు తగిలించిన లా డిగ్రీ కూడా మేకు మీద ఊగుతుంది. అందుకని ఆ ఆఫీసులో రహస్యాలన్నీ అరిచి చెప్పుకోవాల్సిందే. విడాకుల సంగతి అడగడానికి వచ్చిన మనిషి, భార్య తనను ఏమందో గొంతు చించుకుని చెబుతూ ఉండగా కరెంటు పోయిందనుకోండి, ఆఖరి మాట గల్లీ అంతటికీ వినపడుతుంది. అలా రెండు కాపురాలు కోర్టు మెట్లెక్కకుండానే తేలిపోయాయి. ఒకటి అటు, ఒకటి ఇటు.

సిద్ధిరాములుకు నలభై ఎనిమిదేళ్లు. కరీంనగర్ వైపు నుంచి తండ్రి భుజం మీద కూర్చుని భివండి వచ్చేసరికి మూడేళ్లు. తండ్రి రోజుకు పన్నెండు గంటలు సాంచాలు నడిపాడు, తల్లి కండెలు చుట్టింది. కొడుకు ఏడో తరగతి దాకా తెలుగు బడిలో, ఆ తర్వాత మరాఠీ బడిలో చదివి, పగలంతా నూనె డబ్బా పట్టుకుని సాంచాల మధ్య తిరుగుతూ, సాయంత్రాలు కళ్యాణ్ వెళ్లి లా పూర్తిచేశాడు. మూడేళ్ల లా అతనికి ఆరేళ్లు పట్టింది. రెండుసార్లు పరీక్ష రోజునే సాంచాల దగ్గర పాళీ, అంటే షిఫ్టు, మారడం వల్ల అని అతను అంటాడు. రెండుసార్లే కాదని భార్య శోభ అంటుంది.

ఏమైతేనేం, గల్లీకి మొదటి వకీలు. ఇంత బట్ట నేసే ఊళ్లో అతని నల్లకోటు బట్ట మాత్రం ఉల్హాస్‌నగర్ నుంచి తెచ్చుకున్నదే. అది మూడు వర్షాకాలాలకు బూడిదరంగుకు వచ్చింది. కోర్టులో జడ్జిగారు ఒకసారి దాన్ని చూసి, మీరు సాక్షా అని అడిగారట.

అయినా గల్లీలో అతనికో పేరుంది. ఆ పేరు గెలిచిన కేసులతో రాలేదు. పూర్వం అతని తండ్రి చేత ఒక సేఠు రేషన్ కార్డు కోసమని చెప్పి కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. చదివించి చూస్తే, ఉంటున్న ఒంటిగది ఖోలీని నా ఇష్టంతో ఖాళీ చేస్తున్నానని ఉంది. ఆ రోజు సామాను రోడ్డు మీద పెట్టుకుని కూర్చున్న సిద్ధిరాములు, వకీలైన దగ్గర్నుంచీ ఎక్కడ నలుగురు చేరితే అక్కడ ఒకటే పాఠం చెబుతున్నాడు. దినాల భోజనాల్లో, బతుకమ్మ ఆటల దగ్గర, ఆఖరికి పెళ్లిళ్లలో కూడా.

"నాకు సూపియ్యకుంట ఏ కాగితం మీద వేలు వెట్టకుండ్రి. ఒప్పుకుంటున్న అనే మాట ఏడ కనవడ్డ ఆన్నే ఆగుండ్రి."

ఒక పెళ్లిలో అక్షింతలు చేతిలో పట్టుకునే ఈ మాట చెప్పాడు. పీటల మీద పెళ్లికొడుకు కాసేపు ఆలోచనలో పడ్డాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. పాఠం మాత్రం బాగా ఎక్కింది. నాగావ్ గల్లీలో గ్యాసు బండ తెచ్చినవాడు సంతకం పెట్టమన్నా, ముందు వకీలును అడిగి వస్తామనేవాళ్లు.

ఈ రెండేళ్లుగా ఆ రావడం తగ్గింది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు ఫోన్లో వెతుకుతారు. ఫోన్లో ఠాణే వకీళ్లు గాజు తలుపుల ముందు నిలబడి కనిపిస్తారు. సిద్ధిరాములు పేరు కొడితే మాత్రం అదే పేరుతో సిరిసిల్లలో ఉన్న మోటారు వైండింగు దుకాణం వస్తుంది. ఆ దుకాణానికి ఒకసారి భివండి నుంచి బెయిలు కోసం ఫోను వెళ్లిందట. ఆయన ఓపికగా అంతా విని, ముందు ఒకసారి తెచ్చి చూపించమన్నాడట.

ఇక్కడ శోభ తమ్ముడు భూషణ్ గురించి చెప్పాలి. అంజూర్ ఫాటా కూడలి దాటాక ఒక పెద్ద గోదాములో ప్యాకింగ్ కాంట్రాక్టు అతనిది. నూట యాభై మంది పనిచేస్తారు, అందులో సగం ఆడవాళ్లు. మనిషి చెడ్డవాడు కాడు. అక్క ఇంటికి ఎప్పుడొచ్చినా మటన్ తెస్తాడు, దాంతోపాటు ఒక సలహా కూడా తెస్తాడు. ఆషాఢంలో ఒక ఆదివారం బొక్క చీకుతూ తెచ్చిన సలహా ఇది.

"బావా, ఆ కోటు బూడిద రంగుకు వచ్చింది. దాన్ని దండెం మీద ఏసి నా దగ్గరికి రా. లీగల్ ఆఫీసర్ అని బల్ల మీద బోర్డు పెడ్త. ఏసీ ఉంటది. లేబర్‌తోని కిరికిరి వచ్చినప్పుడు జెర కాగితం రాసిస్తె సాలు."

సిద్ధిరాములు ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. ఏసీ అంటే అతనికి ఇష్టమే. జడ్జిగారి గదిలోకి అవసరం లేకపోయినా రెండుసార్లు వెళ్లి వచ్చేది అందుకే. కానీ ఇరవై ఏళ్ల నుంచి అతనికంటూ ఉన్నది ఒక్కటే. ఎవరి తరఫున మాట్లాడాలో తనే తేల్చుకుంటాడు. ఆ బల్ల దగ్గర కూర్చుంటే అది భూషణ్ తేలుస్తాడు. పైగా కాగితం రాయడం అంటే ఏ కాగితమో అతనికి తెలియనిది కాదు. నా ఇష్టంతో పని మానుకుంటున్నాను అనే కాగితం.

వద్దంటే శోభకు కష్టంగా ఉంటుంది, సరేనంటే తనకు. అందుకని వకీళ్లందరూ చేసే పని చేశాడు, వాయిదా అడిగాడు. తాను వెబ్‌సైటు పెడుతున్నానని, దసరాలోపు దాన్ని చూసి పదిమంది కొత్తవాళ్లు కేసుతో రాకపోతే దసరా దాటిన సోమవారం వచ్చి బల్ల దగ్గర కూర్చుంటానని అన్నాడు. వెబ్‌సైటు సంగతి ఆ ముద్ద మింగేదాకా అతనికే తెలియదు. భూషణ్ చేయి కడుక్కుని వచ్చి మరీ చేయి కలిపాడు.

వెబ్‌సైటు చేయడానికి కళ్యాణ్ నుంచి స్వప్నిల్ అనే అతను వచ్చాడు. పెళ్లిహాళ్లకు, ట్యూషన్లకు, పళ్ల డాక్టర్లకు సైట్లు చేసి చేయి తిరిగినవాడు. ల్యాప్‌టాప్ తెరిచి నమూనా చూపించాడు. తెల్లటి పాలరాతి స్తంభాలు, చెక్క సుత్తి, త్రాసు, కోటు వేసుకున్న ఒక తెల్లదొరసాని ఎవరితోనో చేయి కలుపుతూ నవ్వుతోంది. భివండి కోర్టులో చెక్క సుత్తి ఎవరూ చూడలేదు. అక్కడ నిశ్శబ్దం కావాలంటే ప్యూను అరుస్తాడు. అయినా సిద్ధిరాములుకు ఆ బొమ్మలన్నీ తెగ నచ్చాయి. తన ఫోటో కోసం పక్కవీధి వకీలు దగ్గర లావుపాటి పుస్తకాలు అరువు తెచ్చుకుని, వాటి ముందు చేతులు కట్టుకుని, కనుబొమ్మలు ముడిచి నిలబడ్డాడు. శోభ ఆ ఫోటో చూసి, ఎవరి మీదన్నా కోపమొచ్చిందా అని అడిగింది.

ఫోటో కింద స్వప్నిల్ 'భివండిలో నంబర్ వన్ వకీలు, నూటికి నూరు శాతం గెలుపు' అని పెట్టాడు. అది చదివి సిద్ధిరాములు గుండె ఒక్కసారి పొంగింది, ఆ వెంటనే జారింది. వకీళ్లు తమ గొప్ప తాము చెప్పుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది. పేరు, అడ్రసు, ఫోను, సన్నద్ అనే వకీలు లైసెన్సు నంబరు, చదువు, ఏ రకం కేసులు చూస్తాడో, అంతవరకే రాసుకోవచ్చు. ఆ నియమం అతనికి కంఠస్థం. ఎప్పుడూ అవసరం పడలేదు కాబట్టి మరిచిపోలేదు. స్వప్నిల్ ఒక్కొక్క మాటా తుడిచేస్తూ, మా గల్లీలో మంగలికి మీకంటే ఎక్కువ స్వేచ్ఛ ఉంది సార్ అని హిందీలో బాధపడ్డాడు.

గొప్పలు పోయాయి కానీ, వాటి చోట స్వప్నిల్ ఇంకొకటి తెచ్చాడు. ముంబై పెద్ద వకీళ్ల సైట్లకు తలుపు ఉంటుందట. సైటు తెరవగానే ముందు ఒక పలక అడ్డం వస్తుంది. నన్ను ఎవరూ పిలవలేదు, నా ఇష్టంతోనే వచ్చాను, ఇక్కడ చదివినదానికి వకీలు బాధ్యుడు కాడు అని దాని మీద రాసి ఉంటుంది. కింద రెండు బొత్తాలు, ఒప్పుకుంటున్నాను, ఒప్పుకోను. ఒప్పుకుంటేనే లోపలికి. ఆ తలుపు సిద్ధిరాములుకు పాలరాతి స్తంభాల కంటే ఎక్కువ నచ్చింది. తన ఆఫీసుకు సరైన తలుపే లేదు, గొళ్లెం పోయి నాలుగేళ్లయింది. పలక మీది రాత తానే తెలుగులో రాస్తానని పట్టుబట్టి, 'ఇందుమూలముగా' అని మొదలుపెట్టి పదకొండు పంక్తులు రాశాడు. అందులో ఫుల్‌స్టాపు ఒక్కటే, చివర.

శ్రావణంలో సైటు తెరిచారు. నీలం ఆకాశం కింద పెద్ద కోర్టు భవనం, మెట్ల మీద తెల్లగా ఏదో. శోభ ఫోను దగ్గరికి పెట్టుకుని చూసి అది మంచు అని చెప్పింది. ఇంకొక మూల, పాత పళ్ల డాక్టరు సైటు నుంచి మిగిలిపోయిన 'నొప్పి తెలియకుండా' అనే మాట ఉంది. దాన్ని సిద్ధిరాములు తన గురించే అనుకుని ఉంచేశాడు. గల్లీ వాట్సాప్ గ్రూపులో చిరునామా పెట్టి, ఆఫీసు ఊడ్పించి, ఇంకో రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నాడు.

మూడు వారాలు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. స్వప్నిల్‌కు ఫోను చేస్తే అతను లెక్క చూసి చెప్పాడు. తలుపు దాకా మూడు వందల నలభై మంది వచ్చారు. లోపలికి వెళ్లినవాళ్లు ఆరుగురు. ఆ ఆరుగురిలో నాలుగుసార్లు సిద్ధిరాములే, ఒకసారి స్వప్నిల్, ఒకసారి భూషణ్. మిగతావాళ్లు పలక చూసి వెనక్కి తిరిగారు. నలభై ఒక్కమంది అంతటితో ఆగకుండా 'ఒప్పుకోను' అని గట్టిగా నొక్కి మరీ వెళ్లారు.

ఎందుకో అర్థం కాలేదు. శుక్రవారం వచ్చింది. ఆ రోజు సాంచాలు బందు కాబట్టి గల్లీలో మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. బుచ్చిరాములు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. అరవై దాటిన మనిషి, సిద్ధిరాములు తండ్రితో కలిసి పనిచేసినవాడు. ఫోనును రెండు చేతులతో, నిండు గిన్నెలా పట్టుకుని వచ్చాడు.

"తమ్మీ, ఇది జెర సదువు. నొక్కాల్నా వద్దా?"

సిద్ధిరాములు చూశాడు. తన పలకే.

"ఇది నాదే, కాకా. నొక్కు."

"నీదేనని నా మనుమడు గూడ అన్నడు. నీ పేరు వెట్టి ఎవడన్న మోసం చేస్తాండేమోనని వచ్చిన. ఒప్పుకుంటున్న అని ఉన్నది. దేనికి ఒప్పుకుంటున్ననో పదకొండు లైన్లు ఉన్నది, సగం నాకు సమజ్ గాలే. ఇసొంటిది ఏడ కనవడ్డ ఆగుమని నువ్వే చెప్తివి గద?"

"చెప్పిన."

"మరి?"

ఆ 'మరి'కి సిద్ధిరాములు చాయ్ తెప్పించాడు. కోర్టులో అయితే వాయిదా అడిగేవాడు. బుచ్చిరాములు ఫోను జేబులో పెట్టుకుని, కేసేమీ లేదని, ఊరికే బొత్తాం సంగతి అడగడానికే వచ్చానని చెప్పి, చాయ్ తాగి వెళ్లాడు. ఆ రోజు సాయంత్రంలోపు ఇంకా పదకొండు మంది వచ్చారు, అందరిదీ ఇదే ప్రశ్న. ఇరవై ఏళ్లు తాను నూరిపోసిన పాఠాన్ని గల్లీ మొత్తం అప్పజెప్పింది, అదీ తన గుమ్మంలో నిలబడి. సిద్ధిరాములుకు గర్వపడాలో ఏడవాలో తెలియలేదు. సైటు వల్లే కదా వచ్చారు, పన్నెండు మందీ లెక్కే అని భూషణ్‌కు ఫోను చేసి వాదించాడు. బొత్తాం గురించి అడిగినవాళ్లు లెక్కలోకి రారని, కేసు ఉండాలని భూషణ్ అన్నాడు. ఫోను పెట్టేదాకా నవ్వు ఆపుకున్నాడు, అంతవరకు మర్యాదస్తుడే.

దసరాకు నెల కూడా లేదు. ఏసీ బల్ల సిద్ధిరాములుకు కలలోకి రాసాగింది. కలలో బల్ల బాగానే ఉంటుంది, చల్లగా. లేచాక ముందు కోటు ఎక్కడుందో చూసుకుంటాడు.

ఆఫీసు వెనక పరదా ఉంటుంది, దాని వెనక ఇల్లు. శోభ ఎనిమిదో తరగతిలో బడి మానేసింది. నలుగురిలో నోరు విప్పే అలవాటు లేదు. పద్దెనిమిదేళ్లుగా పరదా వెనక బియ్యం ఏరుతూ, వచ్చినవాళ్లను చూస్తూ ఉంది. ఆ శనివారం ఇంట్లో అన్నం తింటున్న భర్త ముందు ఆమె పాత కేలండరు కాగితం ఒకటి పెట్టింది. దాని వెనక బొగ్గుముక్కలాంటి పెన్సిలుతో ఏదో రాసి ఉంది. సిద్ధిరాములు అది సరుకుల చీటీ అనుకుని జేబులో పెట్టుకోబోయాడు.

ఆమె ఆపి, నెమ్మదిగా చెప్పుకుంటూ వచ్చింది. వచ్చిన మనిషి ముందు చూసేది అతన్ని కాదు, అతని డిగ్రీనీ కాదు. బయట విడిచిన చెప్పులు చూస్తారు. తెలిసినవాళ్ల చెప్పులుంటే వెనక్కి పోతారు. తాము వచ్చిన సంగతి యజమానికి, తమ మాలిక్‌కు తెలుస్తుందేమోనని వాళ్ల భయం, ఆ మాట అడగడానికి సిగ్గు. లోపలికి వచ్చాక మొదట అడిగేది, తెలుగులో చెప్పుకోవచ్చా అని. సగంమంది సరైన కాగితాలు లేక మళ్లీ ఇంటికి వెళ్లి, వెళ్లినవాళ్లలో సగంమంది తిరిగి రారు. పాళీ దిగేది పొద్దున ఎనిమిదింటికి, అప్పుడు వకీలుసాబ్ స్నానంలో ఉంటాడు. సైటులో ఫోను చేయండి అని పెద్దగా ఉంది, సాంచాల మధ్య నిలబడ్డవాడికి ఫోను ఏం వినపడుతుంది?

"మంచు బిల్డింగు ఎవలికి కావాలె? మన తలుపు నీలం రంగుదని చెప్పు, సాలు."

సిద్ధిరాములు ఆత్మగౌరవం కాసేపు గింజుకుంది. ఇది వకీలు సైటా, రేషన్ దుకాణం బోర్డా అని అడిగాడు. రేషన్ దుకాణం ముందు ఎప్పుడన్నా జనం లేకుండా చూశావా అని ఆమె అడిగి, గిన్నెలు తీసుకుని లేచింది.

అతను నియమం తీసి నాలుగుసార్లు చదివాడు. గొప్ప చెప్పుకోకూడదు, నిజమే. ఆధార్ కార్డు తెచ్చుకోండి, పొద్దున ఎనిమిది నుంచి ఉంటాను అనడంలో గొప్పేముంది? ఎవరన్నా నిలదీస్తే జవాబు చెప్పుకోగలననిపించింది. స్వప్నిల్‌ను పిలిపించాడు. పాలరాయి పోయింది, సుత్తి పోయింది, దొరసాని చేయి వదిలి వెళ్లిపోయింది. కోపంగా నిలబడ్డ ఫోటో కూడా పోయింది, అది తీసేటప్పుడు సిద్ధిరాములు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. తలుపు పీకేశారు. ఆ పదకొండు పంక్తుల చోట మామూలు రాత మూడు ముక్కల్లో వచ్చింది. మిమ్మల్ని రమ్మని నేను పిలవడం లేదు. ఈ పేజీ చదివినంత మాత్రాన మీరు దేనికీ ఒప్పుకున్నట్టు కాదు. ఇక్కడ ఏదీ నొక్కనవసరం లేదు.

దాని కింద, రెండు సాంచాల షెడ్ల మధ్య నీలం తలుపు, చెప్పులు లోపల విడవవచ్చు అని. ఏ సంగతికి ఏ కాగితాలు తేవాలో తెలుగులో, హిందీలో పెద్ద అక్షరాలతో. ఫోను చేయనక్కరలేదు, కాగితం ఫోటో పంపితే చాలు అని. మీరు చెప్పింది మీ మాలిక్‌కు చేరదు అని. చదవడం రానివాళ్లకు ఇదంతా అతని గొంతుతోనే చదివి పెట్టారు. ఎంత నెమ్మదిగా చదవమన్నా సాంచాల మధ్య బతికిన గొంతు అది, విన్నవాళ్లు ఫోను చెవికి దూరంగా పట్టుకున్నారు. స్వప్నిల్ పని ముగించి, ఇది వెబ్‌సైటు కాదు సార్, నోటీసు బోర్డు అన్నాడు. తాను చేసినట్టు ఎవరికీ చెప్పవద్దని కూడా కోరాడు.

మొదటి వారం ఇద్దరు వచ్చారు. ఒకరు తల్లి మరణ ధ్రువపత్రంలో ఊరు తప్పుపడిందని, మరొకరు ఖోలీ తగాదా. కాగితాలు చేతిలోనే ఉన్నాయి. రెండో వారం ముగ్గురు. పొద్దున ఎనిమిదికే ఆఫీసులో ఉండాలి కాబట్టి సిద్ధిరాములు స్నానం ఆరున్నరకు జరిగింది. ఆ వేళ పంపులో నీళ్లు కూడా వస్తాయన్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఇంకో ముగ్గురు. మొత్తం ఎనిమిది. దసరాకు ముందురోజు, శుక్రవారం సాయంత్రం దాకా చూసినా తొమ్మిదో మనిషి రాలేదు. సిద్ధిరాములు కోటు విప్పి, దాన్ని దండెం మీద వేయాలా, ట్రంకులో పెట్టాలా అని నిలబడి చూస్తున్నాడు.

అప్పుడు ఓదెమ్మ వచ్చింది. గల్లీ చివర ఉంటుంది, నలభై ఏళ్ల మనిషి. చెప్పులు లోపల విడిచి, వాటిని బల్ల కిందికి తోసి కూర్చుంది. ప్లాస్టిక్ సంచిలోంచి సైటులో చెప్పిన వరుసలోనే కాగితాలు తీసి పెట్టింది. ఆధార్, గేటు దగ్గర చూపించే కార్డు, ఫోన్లో హాజరు పట్టీ ఫోటోలు. కార్డు మీద పేరు చూడగానే సిద్ధిరాములు చేతిలో కోటు మళ్లీ భుజం మీదికి వచ్చింది. అది భూషణ్ గోదాము.

ఏడేళ్లుగా అక్కడ ప్యాకింగ్ చేస్తోంది. డెబ్బై మంది ఆడవాళ్లకు ఒక పాయఖానా లేదు. ఉన్నది లారీ డ్రైవర్లది, దానికి గడియ లేదు. పొద్దున పనికి ఎక్కిన ఆడవాళ్లు సాయంత్రం దాకా నీళ్లు తాగరు. ఇద్దరికి రోగాలొచ్చాయి. ఆమె నలుగురిని వెంటేసుకుని మేనేజరును అడిగింది. మర్నాడు గేటు దగ్గర నీ పేరు లేదన్నారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. ఇదంతా ఆమె కోపంగా చెప్పలేదు, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పినట్టు చెప్పింది.

"అన్నా, ఆయన నీ బామ్మర్ది అని నాకు ఎరికే. నేను చెప్పింది ఆయన దాక పోదని ఫోన్ల నీ గొంతుతోనే ఇన్న. గది నిజమేనా, ఊకె రాసినవా?"

పరదా వెనక శోభ బియ్యం ఏరడం ఆపింది. పక్క షెడ్లలో ఆ రోజు చప్పుడు కూడా లేదు.

"నిజమే. కాని ఆయన నా భార్య తమ్ముడు. నన్ను నౌకరికి గూడ రమ్మంటున్నడు. నా మీద నమ్మకం లేకపోతె ఠాణేల మంచి వకీలు ఉన్నడు, పేరు రాసిస్త. ఆలోచించుకో."

"ఠాణే పోతె దినం పోతది. ఆయనకు నేను మొత్తం మొదటి నుంచి చెప్పాలె, హిందీల. పాయఖానా సంగతి హిందీల మొగోనికి ఎట్ల చెప్త?" ఓదెమ్మ కాగితాలు అతని వైపు జరిపింది. "నువ్వైతె గట్టిగ మాట్లాడ్తవు."

సిద్ధిరాములు కోటు వేసుకుని కూర్చున్నాడు. కాగితాలు తీసుకున్నాడు. వకాలత్‌నామా చేతికిచ్చే ముందు అలవాటు ప్రకారం మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా ఆమెకు చదివి వినిపించాడు. దేనికి ఒప్పుకుంటోందో ఆమె నోట మళ్లీ చెప్పించుకున్నాడు. అప్పుడు సంతకం పెట్టించాడు.

ఆమె వెళ్లిన కాసేపటికి భూషణ్ ఫోను చేశాడు. లెక్క అడిగాడు. తొమ్మిది అని సిద్ధిరాములు చెప్పాడు, అబద్ధం ఆడటం అతనికి కోర్టులో తప్ప చేతకాదు.

"ఒకటి తక్కువైంది గద బావా. నారాజ్ గాకు. సోమవారం బండి పంపుత, బల్ల గూడ వచ్చింది."

"పందెం నువ్వే గెలిచినవ్. కాని నేను రాను, భూషణ్."

"ఎందుకు?"

"గది నీకు చెప్పరాదు."

భూషణ్ రెండుమూడుసార్లు అడిగి, అక్కకు ఫోను ఇమ్మన్నాడు. సిద్ధిరాములు పరదా లోపలికి చేయి పెట్టి ఫోను అందించాడు. శోభ తమ్ముడు చెప్పేదంతా విన్నది. అన్నం తిన్నావా అని అడిగింది, పిల్లలను అడిగినట్టు చెప్పమంది, ఫోను పెట్టేసింది.

సిద్ధిరాములు బల్ల ముందు కూర్చుని భూషణ్ పేర నోటీసు మొదలుపెట్టాడు. 'ఇందుమూలముగా' అని రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు. పరదా తీసుకుని శోభ వచ్చి పక్కన నిలబడింది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆమె ఆఫీసు వైపుకు వచ్చి నిలబడటం అదే మొదలు. ఆమె ఏమంటుందోనని అతను పెన్ను ఆపాడు. తమ్ముడు తెచ్చే మటన్ గుర్తుకొచ్చింది, తిన్నదంతా గుర్తుకొచ్చింది.

ఆమె కాగితం మీదికి వంగి చదివింది.

"పేరు తప్పు రాసినవు. కాంట్రాక్టు కాగితాల వాడు నాయిన పేరు ముందు పెట్టుకుంటడు."

అతను సరిచేశాడు. ఆమె అక్కడే నిలబడి ఉంది. కాంట్రాక్టులో ఉన్న పూర్తి పేరు, గోదాము నంబరు, పిన్ కోడు ఒక్కొక్కటే చెప్పింది. అతను రాసుకున్నాడు. కవరు మీద అడ్రసు రాయబోతుంటే ఇంకొక కవరు తెచ్చి పక్కన పెట్టింది.

"ఇంటికి గూడ ఒకటి పంపు. ఆఫీసుకు వచ్చిన కాగితాలు వాడు సదువడు. ఇంట్ల అయితె మా మరదలు సదువుతది."